నిదానం చేతులు

పేరుకు ఆయనకూ ఒక పేరుంది గానీ, దానితో పిలిస్తే ఆయనే వెంటనే పలికేవాడు కాదు. ఊరందరికీ ఆయన నిదానం. బండి ఎక్కినవాళ్లు తొందరపెడితే "నిదానం, నిదానం" అనడం ఊతపదమై, ఆ మాట పోయి పోయి మనిషికే అతుక్కుపోయింది. పెళ్లివాళ్లకైనా, ఆసుపత్రికి పోయేవాళ్లకైనా, రైలు దిగి సామాన్ల మధ్య దిక్కులు చూసేవాళ్లకైనా ఆయన పాత కారే దిక్కు. నిదానం బండెక్కితే దారిలో ఒక నిద్ర తీయొచ్చని చెప్పుకునేవారు. అది ఎగతాళీ అవును, మెచ్చుకోలూ అవును.

బతుకుతెరువును మోసే వస్తువుతో మనుషులు కాపురం చేసే తీరు చిత్రంగా ఉంటుంది. పడవవాడు పొద్దస్తమానం పడవను తిడుతూనే ఉంటాడు. గుర్రబ్బండివాడు గుర్రాన్ని బతిమాలుకుంటాడు. ఓడలో ఇంజను చూసే మనిషి గాలివానకు కదలడు గానీ, ఇంజను చప్పుడు ఇసుమంత మారితే చాలు, నిద్రలోంచి లేచి కూర్చుంటాడు. నిదానం వీళ్లెవరి కోవకూ చెందడు. ఆయన తన కారును నలుగురిలో మెచ్చుకునేవాడు. పొద్దున్నే బానెట్ ఎత్తి ఇంజనాయిలు చూసి, టైర్లు తట్టి, అద్దాలు తుడిచి, "ఇది నా మాట ఏనాడూ తీసెయ్యలేదు" అనేవాడు. డ్రైవరు సీటు ఆయన ఒంటికి తగ్గట్టు గుంటపడిపోయింది. అందులో ఇంకొకరు కూర్చోవడానికి వీల్లేదు. ఎవరైనా అడిగితే, "మీరు కూర్చుంటే నాకు నడుం నొప్పొస్తుంది" అని కొట్టిపారేసేవాడు. రెండు వీధుల అవతల బావమరిదికే మెకానిక్ షెడ్డు ఉంది. బ్రేకులకీ క్లచ్చుకీ అక్కడికే పోయేవాడు గానీ, షెడ్డులోకి బండి పెట్టేదీ ఈయనే, తీసేదీ ఈయనే.

అలాంటి మనిషికి తన చేతులమీద నమ్మకం పోయింది.

తిన్నని రోడ్డు మీద పోతుంటే అరచేతుల్లో స్టీరింగు సన్నగా వణికేది. బండి తెలియకుండానే ఒక పక్కకు జరిగేది. ఆయన సర్దేవాడు, మళ్లీ జరిగేది. ఇంకొకరైతే షెడ్డుకు పరిగెత్తి ఉండేవారు. నిదానానికి మాత్రం తండ్రి గుర్తొచ్చాడు. ఆ పెద్దాయన దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఆయన గీసిన గీత పక్కన స్కేలు పెడితే స్కేలే వంకరేమో అనిపించేదట. అలాంటి చేతులు ఒక వయసుకొచ్చేసరికి వణకడం మొదలుపెట్టాయి. ఆయన చివరగా రాసిన చెప్పుల కొట్టు బోర్డులో అక్షరాలు వానకు తడిసిన పిట్టల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. ఆ తర్వాత ఎవరైనా ఎదురైతే ఆయన చేతులు దుప్పట్లో దాచుకునేవాడు.

నిదానానికి ఇప్పుడు ఇంచుమించు ఆ వయసే. ఎవరూ లేనప్పుడు చెయ్యి చాచి, దానిమీద ఒక కాగితం పరిచి, కాగితం అంచు కదులుతోందా అని రెప్ప వేయకుండా చూసేవాడు. అంత భయంగా చూస్తుంటే ఎవరి చెయ్యి మాత్రం కదలదు? కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకోవడం మొదలుపెట్టాడు. దూరప్రయాణాలు వద్దన్నాడు. అడిగినవాళ్లకు నడుం నొప్పి అని చెప్పాడు. ఈసారి ఆ మాట నవ్వుతూ చెప్పలేదు.

తర్వాత ఆ వంతెన సంగతి జరిగింది. కాన్పయి, పసిబిడ్డతో ఆసుపత్రి నుంచి ఇంటికి పోతున్న ఒక అమ్మాయి వెనక సీట్లో ఉంది. వంతెన మలుపులో స్టీరింగు వణికి, బండి ఎదురుగా వస్తున్న నీళ్ల ట్యాంకరు వైపు ఒరిగింది. ఆయన లాగి సర్దాడు. తల్లికి తెలియలేదు, బిడ్డ కళ్లు కూడా తెరవలేదు. వాళ్లను గుమ్మం దాకా దింపి, సంచి లోపల పెట్టి, బండి ఎక్కి కూర్చుంటే ఒళ్లంతా చెమట. చేతులు బాగా లేవని తెలిసీ నలుగురి ప్రాణాలు వెనక కూర్చోబెట్టుకు తిరగడమేమిటి? కంటిచూపు తగ్గినా, కాలు తిమ్మిరెక్కినా ఒప్పుకోకుండా బండ్లు తోలేవాళ్లు లోకంలో కోకొల్లలు. నిదానం ఆ రోజే తేల్చుకున్నాడు. పాత బండ్లు కొనే ఆయనకు ఫోన్ చేసి, మర్నాడు సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున్న తాళంచెవి తెచ్చి భార్య కుట్టుమిషను మీద పెట్టాడు. ఆవిడ వీధిలో అందరికీ బట్టలు కుట్టేది. కర్టెన్లు, బడిపిల్లల యూనిఫారాలు, పాతవాటికి అతుకులు, ఏదొచ్చినా కాదనేది కాదు.

"ఇదేంటి, ఇక్కడ పెట్టారు? సూది విరిగితే?"

"బండి అమ్మేస్తున్నా. సాయంత్రం మనిషొస్తాడు. మాట్లాడేశాను."

మిషను ఆగిపోయింది. "నాతో మాట్లాడకుండా అతనితో మాట్లాడేశారా? అయితే మధ్యాహ్నం భోజనం కూడా అతని దగ్గరే చేయండి."

ఆయన నవ్వలేదు. ఆవిడ తలెత్తి చూసింది.

"నా చేతులు నాన్న చేతుల్లా అయిపోయాయే," అన్నాడు. వంతెన సంగతంతా చెప్పాడు.

ఆవిడ మిషను మీది బట్ట పక్కన పెట్టింది. తర్వాత, "గ్లాసు రెండు చేతులా పట్టుకుంటుంటే కొత్తగా మర్యాద నేర్చారనుకున్నాను," అని, ఒక సూదీ దారమూ ఆయన ముందుకు తోసింది. "ఇది ఎక్కించి పెట్టండి."

"ఇప్పుడా?"

"నా కళ్లజోడు కనబడటం లేదు."

కళ్లజోడు ఆవిడ నెత్తిమీదే ఉంది. ఆయన దారం కొన నోట్లో తడిపి, సూది వెలుతురుకెత్తి, ఒక్క ఊపులో ఎక్కించాడు. ఆవిడ ఇంకా సన్న సూది ఇచ్చింది. అందులోనూ ఎక్కించాడు.

"మామయ్యగారి చేతులు నేను చూడలేదా? గుండీలు పెట్టుకోలేకపోతున్నారని ఆయన చొక్కాలన్నిటికీ నొక్కితే పడే టిచ్ బటన్లు కుట్టింది నేనే. వణికే చేతులంటే అవి. ఇవి కావు."

"మరి వణికేదేంటి?"

"మీ మహారాణి."

"బండినేమీ అనకు."

"నన్నంటారు, నా తమ్ముణ్ణంటారు, చివరికి మిమ్మల్ని మీరే అనుకున్నారు. దాన్ని మాత్రం ఒక్క మాట అననివ్వరు!" అని, ఆవిడ ఫోన్ తీసి తమ్ముడికి కలిపింది.

బావమరిది చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటి బావా, అక్క గొంతు అలా ఉంది? ఈ వయసులో రెండో పెళ్లేమైనా మొదలెట్టావా?"

"మొదలెట్టడం కాదురా, ఆ మహారాణిని వదిలించుకుంటున్నారు," అంది అక్క. కథంతా విన్నాక అతను తాళంచెవి తీసుకున్నాడు.

"నువ్వు పక్కన కూర్చో బావా. నేను నడుపుతా."

నిదానం తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. చివరికి ఆయనే తలుపు వదిలి, బండి చుట్టూ నడిచి, అవతలి వైపు ఎక్కాడు. అటునుంచి తన కారును ఆయన ఎన్నడూ చూడలేదు. ఎవరి బండిలోనో కూర్చున్నట్టుంది.

బండి వీధి చివర దాకా కూడా పోలేదు. బావమరిది బ్రేకు తొక్కేశాడు. స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూపించాడు. "ఏంటిది బావా? నేనిక్కడ తిప్పుతుంటే చక్రాల దాకా కబురే పోవడం లేదు! నేనిది నడపను. నువ్వూ నడపకు. తోసుకుపోదాం, దిగు."

అక్కను పిలిచి స్టీరింగు దగ్గర కూర్చోబెట్టారు. ఒక్క రోజులోనే ఆ సీట్లో ఇద్దరు కొత్తవాళ్లు. ఆవిడ కొంగు బిగించుకుని, "ఎటు తిప్పాలో ముందే చెప్పండి, తర్వాత నన్ననకండి," అంటుంటే, బావా బావమరిదీ వెనకనుంచి రొప్పుతూ షెడ్డు దాకా తోశారు.

షెడ్డులో ముందు చక్రాలు జాకీల మీదికి లేపి, కింద దుంగలు పెట్టాడు బావమరిది. చాప పరిచి, "నేను చెబితే నువ్వు నమ్మవు. నువ్వే కిందికి దూరు," అన్నాడు. నిదానం వెల్లకిలా పడుకుని దూరాడు. పైన బావమరిది స్టీరింగును కొద్దికొద్దిగా ఆడించాడు. లైటు వెలుతుర్లో కనిపించింది. పైనుంచి దిగిన కడ్డీ తిరుగుతోంది. దాని తర్వాతి కడ్డీ తనకేమీ పట్టనట్టు ఊరుకుంటోంది. రెంటినీ కలిపే రబ్బరు కప్లింగు చిరిగి, పీచులు పీచులుగా సాగి, కాస్త ఆలస్యంగా టక్కుమని రెండోదాన్ని లాగుతోంది. చక్రం పక్కన, దాన్ని అటూ ఇటూ తిప్పే టైరాడ్ జాయింటుకు తొడుగు చిరిగిపోయి, గ్రీజు ఎండి మట్టిముద్దయింది. వేలితో కదిపితే వదులు పన్నులా ఊగింది.

ఆయన బయటికి రాలేదు. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఇది నిన్నామొన్నటిది కాదు బావా," అన్నాడు బావమరిది కిందికి వంగి. "ఏళ్లుగా కొంచెం కొంచెం వదులవుతూ వచ్చింది. అది వదులైనకొద్దీ నీ చేతులు సర్దుకుంటూ వచ్చాయి. నీ చేతులే దాన్ని వెనకేసుకొచ్చాయి. ఇలాంటి బండి నాకిచ్చి ఆ వంతెన మీదికి పంపితే నేను ట్యాంకరు కింద ఉండేవాణ్ణి. నవ్వులాటకు చెప్పడం లేదు, అక్కమీద ఒట్టు."

నిదానం లేచి వీపు దులుపుకున్నాడు. "ఇకనుంచి నెలకోసారి నువ్వు నడిపి చూడరా. నా చేతులు చెప్పేది నేను నమ్మను. అవి దాని పక్షం."

మెచ్చుకోవలసింది ఈ మాటకే. చేతులు గొప్పవని వినగానే ఇంకొకరైతే నెల రోజులు ఊరంతా చెప్పుకు తిరిగేవారు.

తుప్పుపట్టిన బోల్టులు నూనె పోసి నానబెట్టి, సుత్తితో మెల్లగా తట్టి ఊడదీశారు. కొత్త కప్లింగు బిగించారు. పాత జాయింటు ఎక్కడిదాకా బిగించి ఉందో సుద్దముక్కతో గుర్తుపెట్టి, కొత్తది సరిగ్గా అక్కడిదాకే తిప్పి, ఊడకుండా పిన్ను వంచారు. హారన్ మూత తీసి స్టీరింగు నడిమి నట్టు కూడా బిగించారు. ఆఖరున చక్రాల వెంబడి పురికొస లాగి, తిన్నగా ఉన్నాయో లేదో చూశారు. పురికొస అవతలి కొస పట్టుకున్న ఆవిడ, "ఇంకాస్త లోపలికి. మడత కుట్టేటప్పుడు ఇలాగే చూస్తా," అంది. బావమరిది నవ్వాడు గానీ, ఆవిడ చెప్పినట్టే జరిపాడు.

సాయంత్రానికి ముగ్గురూ ఊరి చివర ఖాళీ మైదానానికి పోయారు. అక్కడిదాకా బావమరిది నడిపాడు. అక్కడ దిగి సీటు ఇచ్చేశాడు. నిదానం ఎక్కి, బండి కదిలించి, అలవాటైనట్టు స్టీరింగు తిప్పాడు. బండి కప్పలా ఎడమకు గెంతింది. భయపడి ఇటు తిప్పితే కుడికి గెంతింది. వెనక సీట్లో ఆవిడ తల కిటికీకి తగిలింది. ఆయన ఆపేశాడు.

"చూశావురా? అన్నీ కొత్తవే వేశావు. ఇప్పుడేమంటావ్? చేతులే!"

"చేతులు కాదు బావా. ఇన్నాళ్లూ చెవిటిదానితో అరిచి అరిచి మాట్లాడావు. ఇప్పుడు దానికి చెవులొచ్చాయి. మెల్లగా చెప్పు, వింటుంది."

నిదానం అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. వేళ్లు వదులుగా ఆనించి మళ్లీ కదిలించాడు. మొదటి చుట్టులో బండి తాగినవాడిలా నడిచింది. తర్వాతి చుట్టులో మనసు మార్చుకున్నవాడిలా నడిచింది. మైదానంలో మేస్తున్న మేకలు ఒకసారి పక్కకు తప్పుకున్నాయి, ఆ తర్వాత తప్పుకోవడం మానేశాయి. చుట్టు మీద చుట్టు తిరిగాక బండి మైదానం ప్రహరీ గోడ వెంబడి గీత గీసినట్టు పోయింది. అద్దంలో ఆయన కళ్లు ఆవిడకు కనిపిస్తున్నాయి.

"బావా, నన్ను దింపెయ్, షెడ్డు తీసి పెట్టి వచ్చాను," అన్నాడు బావమరిది.

"కూర్చోరా." బండి మైదానం దాటి రోడ్డెక్కింది.

అప్పుడే ఆవిడ సంచిలో ఆయన ఫోన్ మోగింది. పాత బండ్లు కొనే ఆయన. ఇంటి ముందు నిలబడ్డాడట, బండీ లేదు, మనిషీ లేడు, ఎక్కడున్నారని అడిగాడు.

ఆవిడ ముందు సీటు వైపు చూసింది. ఆయన రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఆయన బండి నడుపుతున్నారండీ," అంది ఆవిడ. "నడిపేటప్పుడు ఫోన్లో మాట్లాడరు."