బాపు దాసుకున్న టోకెన్

లీడర్ల మాటలు నేను నమ్మ. కోరుట్లల మా ఆటో అడ్డా మీద కూసున్నోళ్లు ఎవ్వలు నమ్మరు. నమ్మేది ఒక్క మా బాపే. ముప్పై ఏండ్లు డీజిల్ ఆటో నడిపి, పొగ మింగి మింగి దమ్ము తెచ్చుకున్న మనిషి. మైకుల ఎవలన్న "డీజిల్ బాధ తప్పిస్తం" అంటె సాలు, చెవులన్నీ అటే పెడ్తడు.

అప్పుడెప్పుడో అడవాముదం గింజలకెల్లి డీజిల్ తీస్తమని చెప్పి రోడ్డెంబడి మొక్కలు పెట్టిండ్రు. ఇగ బైటి దేశాల నూనె మనకు అక్కరనే ఉండదన్నరు. ఆ మొక్కలను మేకలు సుత ముట్టలే. నీళ్లు పోసే దిక్కులేక ఎండిపోయినయ్. జగిత్యాల కిరాయి ఉన్నప్పుడల్లా మా బాపు ఆటో ఆపి, తన తాగే సీసలకెల్లి రెండు మొక్కలకు నీళ్లు పోసేటోడు. "రేపు మన బండి తాగేది గిదే గద" అనేటోడు. ఎనుక సీట్ల కూసున్నోళ్లు నవ్వేది. నాకు సిగ్గయ్యేది, కోపమచ్చేది.

నేను మొగనింటికెల్లి వచ్చేసి బాపు కాన్నే ఉంటున్న. బట్టలు కుట్టేదాన్ని. అవ్వ పోయినంక ఇంట్ల మేమిద్దరమే. దమ్ము బాగ ఎక్కువైతె బాపును జగిత్యాల దవాఖానకు తోల్కపోయిన. డాక్టర్ ఫొటో తీపిచ్చి చూసిండు. "పెద్దమనిషీ, ఆ ఇంజన్ పక్కన కూసునుడు బంద్ చెయ్యి. నడపాలెనంటె పొగ లేని బండి నడుపు. లేకుంటె నీ ఊపిరి నిలువదు" అన్నడు. బాపు తలకాయ ఊపిండు, ఇంటికొచ్చిండు, తెల్లారి మల్ల ఆటో తీసిండు. ఒర్రిన, ఏడ్సిన, తాళం చెవి దాసిన. "నడపక ఇంట్ల కూసుంటె నేను మనిషినేనా బిడ్డా" అన్నడు.

గట్లున్నప్పుడే ఎలచ్చన్లచ్చినయ్. పాత డీజిల్ ఆటో ఇచ్చేయుండ్రి, బ్యాటరీ ఆటో తీస్కపోండ్రి అని గోడల నిండ కాయిదాలు అంటువెట్టిండ్రు. సిరిసిల్లల పెద్ద సభ. మా అడ్డా ఆటోలన్నీ మందిని నింపుకొని పోయినయ్. నేను గూడ బాపు ఎనుక కూసున్న, ఆయన దగ్గుకు భయపడి. వేములవాడ దాటినంక రోడ్డంత ఆటోలే, నల్లటి పొగ, ముందల బండి కనవడకుంట అయ్యింది. మా అడ్డా మీదుండే చాచా, బాపు వయసాయనే, తలకాయ బైటపెట్టి, "అరె భాయ్, నూనె తగ్గిచ్చే మీటింగుకు ఎంత నూనె కాలవెడ్తున్నరో చూడుండ్రి" అన్నడు. అందరం నవ్వినం. బాపు నవ్వలే.

సభ అయినంక ఆటో ఆటోకు ఒక టోకెన్ ఇచ్చిండ్రు. దాని మీద ఎర్రటి బ్యాటరీ ఆటో బొమ్మ, కింద ఒక నంబర్. మాది మూడొందల పదిహేడు. బాపు దాన్ని చూసిండు, అంగి లోపలి జేబుల పెట్టుకున్నడు. సిరిసిల్ల దాటేకాడ ఒక బంకు ముందల మావోళ్ల ఆటోలన్నీ లైన్ కట్టినయ్. బాపు ముందటి రోజే ట్యాంకు నింపిండు, అందుకని ఆగలే. చాచా చెయ్యి ఊపి "టోకెన్, టోకెన్!" అని ఒర్రిండు. బాపు గూడ చెయ్యి ఊపి, "ఉన్నది, భద్రంగ ఉన్నది!" అన్నడు.

మాకు టోకెనంటె లైన్. యూరియాకు టోకెన్, దవాఖానల టోకెన్. టోకెన్ చేతుల పడ్డదంటె ఎప్పుడో ఒకప్పుడు వంతు అస్తది. బొమ్మ బ్యాటరీ ఆటోది, కింద నంబరున్నది, ఇంకేం కావాలె? ఇంటికి రాంగనే బాపు దాన్ని ప్లాస్టిక్ కవర్ల సుట్టి దేవుని పటం ఎనుక పెట్టిండు. తెల్లారి ఆటో తాళం చెవి తీసి నా చేతుల పెట్టిండు.

"మన నంబర్ పడ్డది బిడ్డా. వంతు వచ్చేదాక గీ పాతదాన్ని నువ్వు తోలు. నేనిగ కొత్తదాని మీదనే కూసుంట."

నాకు మస్తు సంబరమైంది. లీడర్ మాట మీద కాదు, బాపు హ్యాండిల్ ఇడిచిండని. నెల రోజులల్ల నేర్సుకున్న. ఆడిది ఆటో తోలుడేందని కొందరు నోళ్లు నొక్కుకున్నరు. నొక్కుకోని. బాపు ఇంటికాడ నీడపట్టున కూసునేసరికి దమ్ము జర తగ్గింది, రెండు ముద్దలు ఎక్కువ తినవట్టిండు.

ఓట్లు అయిపోయినయ్. ఎండకాలం పోయింది, వాన కాలమచ్చింది. బాపు పోరువెడ్తె టోకెన్ పట్టుకొని జగిత్యాలల ఒక ఆఫీసుకు పోయిన. ఆడున్నాయన దాన్ని అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, పక్క కుర్సీ ఆయనకు చూపిచ్చిండు. ఇద్దరు నవ్విండ్రు.

"అక్కా, గిది సభకచ్చిన బండ్లకు డీజిల్ పోసే బంకు చీటి. ఎనుక చూడు."

ఎనుక గుండ్రటి ముద్ర, దాంట్ల చిన్నగ రెండు లీటర్లని రాసున్నది. బాపుకు దగ్గరి చూపు ఆనది. నేనేమో అప్పటిదాక పటం ఎనుకకెల్లి తీసి చూసిన పాపాన పోలే. ఆ నవ్వేటోళ్లను తిట్టాలెనా, బొమ్మ అచ్చేసినోన్ని తిట్టాలెనా, మా బాపును తిట్టాలెనా తెలువలే. మెట్ల మీద కూసోని ఏడ్సిన.

అడ్డా మీద చాచాకు చెప్పిన. ఆయనకు ముందే ఎరుకట. "జబాన్ ఇప్పకు బేటీ. ఉత్తదని తెలిస్తె రేపే వచ్చి హ్యాండిల్ పడ్తడు. ఇగ ఆయన దక్కడు" అన్నడు.

ఇంటికి పోయేసరికి బాపు గడప మీద కూసోనున్నడు. "యాడిదాక అచ్చిందట?" అన్నడు.

"రెండొందలు దాటింది బాపూ" అన్న.

గట్ల సురువైంది. ప్రతి శనివారం అడుగుతడు, నేను ఒక నంబర్ చెప్త. రెండొందల పది. రెండొందల ఇరవై రెండు. ఒక్కోసారి ఆగిందని చెప్త, పైసలు రాలేదట అంట, బాపు సర్కారు మీద ఈగ వాలనియ్యడు. "అంతమందికియ్యాలంటె టైం పట్టదా" అంటడు. లీడరన్నా ఐదేండ్లకొకసారి అబద్ధమాడ్తడు. నేను వారం వారం ఆడవడ్తి. ఆయన మైకుల చెప్పిన మాట మా ఇంట్ల నా నోట్లెకెల్లి ఎల్లుడు తలుసుకుంటె నా మీద నాకే అసహ్యమైతది. ఎంత మెల్లగ జరిపినా నంబరు ముందుకే పోతది గద. మూడొందల పదకొండు చెప్పిన్నాడు బాపు వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నడు. ఇంకా ఆరు. తర్వాత ఏం చెప్పాలె?

మొన్న మల్ల ఎలచ్చన్లు, మల్ల సిరిసిల్లల సభ. జెండా రంగు మారింది, బొమ్మ మాత్రం గదే బ్యాటరీ ఆటో. ఎనిమిది మంది ఆడోళ్లను ఎక్కిచ్చుకొని పోయిన. లీడర్ ఏం మాట్లాడిండో ఎవ్వలు ఇనలే. టోకెన్ ఇచ్చిండ్రు, సక్కగ బంకుకు పోయి డీజిల్ పోయించుకున్న. పొద్దు గుంకకముందే ఇల్లు చేరిన.

బాపుకు అప్పటికే ముచ్చట తెలిసింది. "మల్ల టోకెన్లిచ్చిండ్రట గద. నీ నంబరెంత బిడ్డా?"

నోటికచ్చింది చెప్పిన. "తొమ్మిదొందల నలభై."

బాపు మొఖం చిన్నగైంది. "అబ్బా, మస్తు ఎనుక పడ్డది గదనే" అన్నడు. గోడ పట్టుకొని లేసిండు. దేవుని పటం కాడికి నాలుగడుగులు ఏసెటందుకు రెండు సార్లు ఆగిండు. కవర్ తీసిండు, కండువతోని తుడ్సిండు, నా ముందల పెట్టిండు.

"గిది నీ పేరు మీద రాయించు. నాది దగ్గరికచ్చింది, నీది ఎప్పుడస్తదో ఏమో. పది రోజుల సంది పొద్దుగాల బండి తీసేటప్పుడు నీ దగ్గు ఇంటున్న బిడ్డా. సురువుల నాది గూడ గట్లనే ఉండె."

నేను రెండు చేతులు సాపి టోకెన్ తీసుకున్న. గొంతుల దగ్గు అడ్డంబడ్డది, ఆయన ముందల దగ్గొద్దని బైటికి పోయిన.