ఉప్పు గోనెలో కాయిల్

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట. నాకు పెళ్లయి రెండేళ్లు. హుస్నాబాద్ దగ్గర మా అత్తగారి బావి మీద కిరసనాయిలుతో నడిచే చిన్న ఇంజను ఉండేది. వానాకాలంలో దానికి పని లేదు. తుప్పు పట్టకుండా దాస్తానంటూ మా ఆడబిడ్డ భర్త రాజలింగం, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌ను ఊడదీసి ఉప్పు తెచ్చిన గోనెసంచిలో చుట్టాడు.

"గది ఉప్పు గోనె, అన్నా. చెమ్మ గుంజుతది" అన్నాను.

"నేను పట్నంల కార్ఖాన జూసినోన్ని. నువ్వు పొయ్యికాడ పని జూస్కో, చెల్లె."

ఆ కార్ఖానాలో ఆయన చేసింది గేటు తీసి మూసే పని. అయినా మా మామ తలూపాడు, మా ఆయన ఆ మూటను అటకెక్కించాడు.

వానలు పోయాక మిరపతోట వాడసాగింది. రాజలింగం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పదిమందిని పిలిచి మరీ సంచి విప్పాడు. కాయిల్ లోపలి ఇనుము ఎర్రగా తుప్పు పట్టి, పైచుట్టు పొట్టులా రాలింది. సిగ్గులేకుండా దాన్నే బిగించి, ఇంజను తిప్పే తాడు లాగాడు. లాగి లాగి చివరికి తాడు జారి దుమ్ములో వెల్లకిలా పడ్డాడు.

లేచి నావైపు చూసి, "ఆడోళ్ల నోటితోని గిట్లయింది" అన్నాడు.

"నా నోట్లె ఉప్పు లేదన్నా, నీ సంచిల ఉన్నది."

 మామ తలవంచుకుని నవ్వాడు.

కరీంనగర్ నుంచి కొత్త కాయిల్ వచ్చేసరికి సగం తోట ఎండిపోయింది. ఆ తర్వాత ప్రతి వానాకాలం దాన్ని పొడిబట్టలో చుట్టి, మూత డబ్బాలో పెట్టి నేనే అటకెక్కించాను.

తెలియకపోవడం తప్పు కాదు. తెలిసినవాళ్లను పొయ్యి దగ్గరికి తరిమేవాళ్లను మాత్రం నేను ఈనాటికీ లెక్కచేయను.