ఫొటో అంచున రాజేశం

1989. కోరుట్ల బస్టాండు ఎదురుగా నా స్టూడియో. కొత్త లెన్స్ కొనే తాహతు లేక, హైదరాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో ఒకటి ఏరుకొచ్చాను. చవక సరుకే, కానీ దాని గుణం నాకు తెగ నచ్చింది. అపెర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిస్తే నడుమ ఉన్న ముఖం వెన్నలా మెత్తగా పడేది, అంచులు కరిగిపోయేవి. పెళ్లికూతుళ్లు తమ ఫొటోలు చూసుకుని మురిసిపోయేవారు. నాకూ కొంచెం గర్వం తలకెక్కింది.

ఆ ఏడు సిరిసిల్లలో ఒక పెళ్లికి వెళ్లాను. పందిట్లో గ్రూప్ ఫొటో తీసే వేళకు ఫ్లాష్ మొరాయించింది. వెలుతురు చాలక అపెర్చర్ పూర్తిగా తెరిచి పని కానిచ్చాను. వరుస చివర పెళ్లికొడుకు మేనత్త కొడుకు రాజేశం నిలబడ్డాడు. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. నెల తిరగకముందే అతను అడవికెళ్లి నక్సలైట్ అన్నల్లో కలిశాడని గుసగుసలు మొదలయ్యాయి.

ఒక పొద్దున ఎస్సై జీపు నా స్టూడియో ముందు ఆగింది. ఎస్సై దిగొచ్చి ఆ పెళ్లి గ్రూప్ ఫొటో బల్ల మీద పెట్టి, అంచున ఉన్న రాజేశం మీద వేలు ఆనించాడు.

"వీని మొకం పెద్దగ చేసియ్యి. ఇంకేడ వీని ఫొటో దొరకలే."

డార్క్‌రూమ్‌లో నెగెటివ్ పెంచడం మొదలుపెట్టాను. ముఖం తేలితే ఒక మనిషి ప్రాణం పోతుంది. తేలకపోతే నా వీపు పగులుతుంది. ఎంత పెంచినా కళ్లూ ముక్కూ కలిసిపోయిన మసకే వచ్చింది.

"కావాల్నని చెడగొట్టినవా?"

"లే సార్. గీ లెన్సే గంత. అంచుకు ఎవలున్నా గిట్లనే వస్తది."

అవతలి అంచు ముఖం కూడా పెంచి చూపించాను. నమ్మాడో లేదో, నెగెటివ్ పట్టుకుపోయాడు. రాజేశం మసక ప్రింటు ఒకటి ట్రేలో మిగిలిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు జీపు చప్పుడు వినబడితే చాలు, పని ఆపి గుమ్మం వైపు చూసేవాణ్ని. అయినా మనసులో ఆ లెన్స్‌కు దండం పెట్టుకున్నాను.

వానలు మొదలయ్యాక రాజేశం తల్లి లచ్చవ్వ బస్సెక్కి వచ్చింది.

"కొడుకా, మా పోరడు ఎన్నడు ఫొటో దిగలే. గా పెండ్లిలనే దిగిండట. ఒక్కపారి వాని మొకం చూపియ్యి."

ఆ ప్రింటే ఇచ్చాను. వెలుతురుకు పట్టి చూసింది. కొంగుతో తుడిచి మళ్లీ చూసింది.

"గిదేంది కొడుకా, మొకమేది?"

లెన్స్ సంగతి చెప్పబోయాను. లచ్చవ్వ ఆ మసకనే చాలాసేపు చూసి, "తువ్వాల గట్లనే ఏస్తడు. వాడే," అని ప్రింటును కొంగులో చుట్టుకుంది. రాజేశం మళ్లీ ఇల్లు చేరలేదు.

చవకలో మంచి లెన్స్ చెప్పమని వచ్చేవాళ్లకు, నడుమ ముఖం చూసి మురిసిపోవద్దని, అంచున ఎవరు నిలబడతారో ఆలోచించమని చెబుతాను. గ్రూప్ ఫొటోకు నేనిప్పుడు అపెర్చర్ బాగా మూస్తాను. చివరి ముఖం కూడా తేటగా వస్తుంది. కానీ మూసే ప్రతిసారీ గుబులే. రేపు ఆ ముఖం కోసం ముందు వచ్చేది కన్నతల్లో, పోలీసు జీపో.