పిచ్చుక అనే పేరు ఎవరిది?

ఎక్కడ ఏ పేరు కనబడినా "ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?" అని ఆరా తీయకుండా అడుగు ముందుకు వేయలేని మనిషి ఆయన. ఆఫీసులో అందరికీ 'పేర్లాయన'. ఇంటర్నెట్‌లో ఏ చిరునామా ఎవరికి చెందాలో నిబంధనలు రాసే సంఘంలో కంపెనీల తరఫు లాయరు. వాళ్ల పేర్లను మరొకరు ఎగరేసుకుపోకుండా చూడటం ఆయన పని. పక్క గది లాయరమ్మకు మాత్రం ఆయనతో బయటికి వెళ్లాలంటే హడలు. లిఫ్టులో పసిపిల్ల కనబడితే చాలు, తల్లిని పట్టుకుని పేరు వెనక కథంతా రాబట్టేవారు. లిఫ్టు పైకీ కిందికీ తిరుగుతూనే ఉండేది.

పైవాటా వాళ్ల కుక్కకీ కిందివాటా వాళ్ల కుక్కకీ ఒకే పేరని తెలిసి, మెట్ల మీదే విచారణ పెట్టారాయన.

"ఒకదాన్ని పిలిస్తే రెండూ వస్తున్నాయి. వినియోగదారులు పొరబడే ప్రమాదముంది."

"ఎవరండీ ఆ వినియోగదారులు?"

"పిల్లి."

ఓ విందులో ఆయన భార్య "ఏవండీ!" అని కేకేస్తే హాల్లోని మొగుళ్లందరూ వెనక్కి తిరిగారు. "చూశావా? ఆ పిలుపు మీద నాకొక్కడికే హక్కుందని ఎలా వాదించను? అది సాధారణ పదం," అని ఆయన వాపోయారు.

"వాదించక్కర్లేదు. వచ్చి ఈ సంచీ పట్టుకోండి," అందావిడ.

ఓ రోజు పెద్ద బొమ్మల కంపెనీ మేనేజరు రుసరుసలాడుతూ వచ్చాడు. కంపెనీ పేరు 'పిచ్చుక'. ఆ పేరుతో ఉన్న వెబ్ చిరునామాను ఎవరో ముందే తీసుకున్నారట.

"హెచ్చరిక పంపాం. ఉలుకూ పలుకూ లేదు. బేరం కోసం కాచుకున్న దొంగలు సార్! ఫిర్యాదు పడేసి లాగేసుకుందాం."

"వాళ్లని అడిగారా?"

"ఏమని?"

"ఆ పేరు ఎవరు పెట్టారని."

లాయరమ్మ తల పట్టుకుంది. కక్షిదారు ముందు కూడానా!

వెతుక్కుంటూ వెళితే ఇరుకు సందులో బొమ్మలు బాగుచేసే కొట్టు తేలింది. కళ్లు ఊడిన ఎలుగుబంట్లు, చక్రాల్లేని కార్ల మధ్య బక్కపలచటి ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. వచ్చింది లాయర్లని తెలియగానే ఆవిడ మొహం వాడిపోయింది.

"తీసేసుకోండి బాబూ. పెద్దవాళ్లతో నేనెక్కడ పడగలను? కొట్టు మూసేద్దామనే అనుకుంటున్నా."

పేర్లాయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఆ సంగతి తర్వాత. పిచ్చుక అని ఎవరు పెట్టారమ్మా?"

ఆవిడ చేయి ఆగింది. "మా అన్నయ్య. చిన్నప్పుడు నా కాళ్లు పుల్లల్లా ఉండేవి, ఒకచోట నిలిచేదాన్ని కాను. ఇప్పటికీ వీధి వీధంతా పిచ్చుకక్కా అనే పిలుస్తారు. పై ఊళ్ల నుంచి విరిగిన బొమ్మలు పంపేవాళ్లకి తెలిసిందీ ఆ పేరే. అది పోతే నేనెక్కడున్నానో వాళ్లకెలా తెలుస్తుంది?" చెబుతూ చెబుతూ నవ్వేసింది. "ఈ మాట నన్నింతవరకూ ఎవరూ అడగలేదు బాబూ."

తను చాదస్తం అనుకున్నది ఏమిటో లాయరమ్మకు అప్పుడు అర్థమైంది. అందరూ తగువుకు దిగేచోట ఈయన ఎదుటి మనిషిని మాట్లాడనిస్తున్నారు.

తిరిగొచ్చి చెబితే మేనేజరు మండిపడ్డాడు. "మీరు మా లాయరా, ఆవిడ లాయరా?"

"మీ లాయరునే. అందుకే పరువు కాపాడుతున్నా. లోకం ఎవరినైతే ఆ పేరుతో ఎరుగుతుందో, వాళ్లు దాన్ని ఉంచుకోవచ్చు. నిబంధన అది. పైగా ఆవిడ దగ్గర మూలుగుతున్నవాటిలో సగం మీ బొమ్మలే."

"సగమా?" మేనేజరు గొంతు తగ్గింది. కంపెనీ వెనక్కి తగ్గడమే కాదు, బొమ్మ విరిగితే పిచ్చుకక్కకు పంపమని తన వెబ్‌సైటులోనే రాయించింది.

నిబంధనలు రాసే సంఘం తర్వాతి సభలో పేర్లాయన లేచి, ఫిర్యాదు చేసే ముందు ఆ పేరు ఎలా వచ్చిందని అవతలివాళ్లని ఒక మాట అడగడం తప్పనిసరి చేయాలన్నారు. కంపెనీల తరఫు మనిషి నోట ఆ మాట విని సభ నోరు తెరిచింది. లాయరమ్మ ముందుగా చప్పట్లు కొట్టింది, మిగతావాళ్లు అందుకున్నారు.

"పరిశీలనకు తీసుకుందాం. మరి ఈ నిబంధనకు ఏం పేరు పెడదాం?" అంది అధ్యక్షురాలు.

పేర్లాయన కంగారుగా రెండు చేతులూ అడ్డంగా ఊపారు. "పేరొద్దండీ! అది ఎవరిదో తేలేసరికి నిబంధన మూలన పడుతుంది."