బత్తీ బాలప్ప ఇంటి ఒంటి బుగ్గ

మా పక్కింటి బాలప్పను వికారాబాదులో అందరూ బత్తీ బాలప్ప అనే పిలుస్తారు. ముప్పై రెండేళ్లు ఇక్కడి స్టేషన్లో బత్తీవాలాగా చేశాడు. బత్తీవాలా అంటే సిగ్నళ్ల దీపాలు చూసే మనిషి. పొద్దు వాలకముందే రెండు చేతుల్లో దీపాలు పట్టుకుని తాండూరు వైపు సిగ్నల్ దాకా నడిచేవాడు. స్తంభం ఎక్కి దీపం పెట్టి, దిగి, గాలి ఎటు కొడుతోందో చూసి తల ఊపేవాడు. తెల్లారాక అన్నీ దించి వత్తులు కత్తిరించడం, అద్దాలు తుడవడం, గ్యాసునూనె, అదే కిరోసిన్, కొలిచి పోయడం. వానకాలం, చలికాలం అని లేదు.

ఆయనకూ మాకూ నడుమ ఒక్కటే గోడ. కాబట్టి ఇక్కడ రాసేదంతా నేను చూసినదీ విన్నదీ. చూడనిది కొంచెమే, దాన్ని కొండమ్మక్కను అడిగి తెలుసుకున్నాను. కొండమ్మక్క ఆయన పెళ్లాం.

బాలప్పకు ఒక గర్వం ఉండేది. ఆయన కత్తిరించిన వత్తి, తక్కిన వాళ్ల వత్తి కంటే తక్కువ నూనె తాగుతుందట. "కొలత నూనెల ఇంక జర మిగిలేది, సావిత్రమ్మా! వత్తి మాట ఇనాలె, మన చెయ్యి చెప్పాలె" అని నాకే వందసార్లు చెప్పి ఉంటాడు. నూనె ఎక్కువ అడిగే బత్తీవాలాను ఆయన వంట రాని కోడలిని చూసినట్టు చూసేవాడు. అందుకే ఆయన్ను పిసినారి అంటే నేను ఒప్పుకోను. పిసినారికి డబ్బు మీద ప్రేమ. బాలప్పకు తక్కువ నూనెతో వెలుగు తెప్పించడం మీద ప్రేమ. ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రం రెండూ ఒకటే.

ఆయన కొలువు దిగిన రెండేళ్లకు, 1962లో, మా గల్లీకి కరెంటు వచ్చింది. నలుగురూ పెట్టించుకుంటుంటే బాలప్పా పెట్టించుకున్నాడు. ఒకే బుగ్గ, అంటే బల్బు, ముందరి అర్రలో. ఇంటికి ఉన్నవే రెండు గదులు, ముందరి అర్ర, వెనక వంటిల్లు. నడుమ మట్టీ రాయీ కలిపి కట్టిన మందపు గోడ, దానికో చిన్న తలుపు.

కొండమ్మక్కకు కావలసింది ఒక్కటే. సందె వేళ పొయ్యి కనపడాలి. ఆమె కళ్లకు పొర వస్తోంది. పగలు బాగానే ఉంటుంది కానీ పొద్దు వాలితే అన్నీ మసక. తాండూరులో బిడ్డ రామమ్మ ఇంటికి పోయి వచ్చినప్పటి నుంచీ ఆ కోరిక ఇంకా గట్టిపడింది.

"బిడ్డ వంటింట్ల బుగ్గ ఉన్నది, సావిత్రమ్మా. గోడకు బటన్. నేను రొట్టె కాలిస్తే రొట్టె మీద మచ్చలు సుత లెక్కపెట్టొచ్చు. ఈడ నేను వాసన పట్టి కాలుస్తున్న."

ఇదే మాట బాలప్పను అడిగితే ఆయన మీటరు వైపు చూపించేవాడు.

ఆ మీటరు సంగతి చెప్పాలి. కరెంటు వచ్చిన రోజు నుంచీ ఆయనకు అదే కాలక్షేపం. నూనె డబ్బాలో పుల్ల ముంచి ఎంత ఉందో చూసినట్టు, రోజూ పొద్దుట ఆ పెట్టె ముందు నిలబడేవాడు. లోపల సన్నటి చక్రం ఒకటి తిరుగుతుంది కదా, బుగ్గ వెలిగించి అది కదలడం చూసి, బంద్ చేసి అది ఆగడం చూసి, సంతోషంగా మీసం దువ్వుకునేవాడు.

సందె దీపం పద్ధతి ఒకటి ఉండేది ఆయనది. పొద్దు మునిగే వేళకు బటన్ నొక్కుతాడు. బుగ్గ వెలుగుతుంది. ఆలూమగలు చేతులు జోడించి దండం పెట్టుకుంటారు. దండం అయిన మరుక్షణం బటన్ ఎత్తేస్తాడు.

"ఇంటికొచ్చిన లక్ష్మమ్మ గడపన్న దాటొద్దా?" అనేది కొండమ్మక్క చీకట్లోంచి.

"దాటినంక సూడనీకి ఏమున్నదే? మనింట్ల సామాను ఎక్కడ ఏమున్నదో ఆమెకు ఎర్కలేదా?"

గోడకు ఇటువైపు నేను చీర కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

అన్నం తినేటప్పుడు మాత్రం బుగ్గ వెలిగేది. ఆయన తినేదాకానే. చెయ్యి కడుక్కోవడం, బటన్ ఎత్తడం ఒకేసారి. కొండమ్మక్క తినడం మొదలుపెట్టేసరికి మళ్లీ చీకటి. ఇంట్లో కందీలు, అదే లాంతరు, లేదా అంటే ఉంది, అటక మీద. కరెంటు పెట్టించుకున్నాక ఇంకా గ్యాసునూనె కొనడం రెండు పెళ్లాలను పోషించడమేనని ఆయన లెక్క.

ఇక బుగ్గ పగిలిన సంగతి. బత్తీవాలా కాకపోతే ఈ పని ఎవరూ చేయరు. ముప్పై రెండేళ్లు దీపం అద్దాలు తుడిచిన చెయ్యి కదా, ఊరుకోదు. రోజూ బుగ్గను తుడిచేవాడు. మసి లేదంటే ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. ఒకరోజు అన్నం తింటూ తల ఎత్తి చూశాడట, బుగ్గ మీద ఏదో మరక. ఎంగిలి చెయ్యి కడుక్కుని, తడి గుడ్డ తీసుకుని, స్టూలు ఎక్కి, వెలుగుతున్న బుగ్గను అలాగే పట్టి తుడిచాడు.

టప్పుమన్న చప్పుడు మా ఇంట్లోకి వినపడింది. ఉరికి వెళ్లి చూస్తే కటిక చీకటి.

"ఏమైంది బావా?"

"ఏం గాలే. మసి తుడుస్తుంటే పేలింది."

"మసి ఉండెనా?"

"లేకుండె" అన్నాడు.

"ఆయనకు ఏం గాలేదు గానీ సావిత్రమ్మా, పప్పుల గాజు పెంకులు పడ్డయి" అంది కొండమ్మక్క లోపలి నుంచి. ఆ రాత్రి వాళ్లిద్దరికీ మా ఇంటి పప్పే.

మరునాడు బజారుకు పోయి కొత్త బుగ్గ తెచ్చాడు. పాతది నలభై కాండిల్, అంటే నలభై వాట్లది, ఇది పదిహేను. పాత బుగ్గ వెలుగు తలుపులోంచి కొంచెమన్నా వంటింట్లోకి జారేది, పొయ్యి దగ్గర మనిషి నీడ తెలిసేది. ఈ కొత్తది తన కింద తానే కనపడక తడుముకుంటున్నట్టు ఉంది. ఆ చక్రం ఎంత నెమ్మదిగా తిరుగుతోందో నన్ను పిలిచి మరీ చూపించాడు బాలప్ప.

"సూడు, సూడు. నిద్రపోతున్నట్టే ఉన్నది."

"నీ పెళ్లాం కూడ గట్లనే తడుముకుంటుంది బావా, పో, జర చూసి రా" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

అది జరిగిన నాలుగో రోజు కొండమ్మక్క చెయ్యి కాలింది. రొట్టె తిప్పబోయి, కనపడక, నేరుగా పెనం మీదే అరచెయ్యి ఆనించింది. నేను పసుపు, వెన్న పూసి గుడ్డ కట్టాను. ఏడవలేదు. "రేపు సందెకు నువ్వు ఏదన్న గిన్నె వంక పెట్టుకొని రా" అంది. అంతే అంది.

నన్ను రమ్మంటే నేను ఆగుతానా? పొద్దు వాలగానే మజ్జిగ గిన్నె పట్టుకుని వెళ్లి ముందరి అర్రలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. బాలప్ప కంచం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తల మీద పదిహేను కాండిల్ బుగ్గ.

"కొండీ! రొట్టె తే."

వంటింట్లో గాజుల చప్పుడు ఆగింది.

"కొండీ! ఇనబడుతలేదా?"

కొండమ్మక్క తలుపు దాకా వచ్చింది. గడప మీద కాలు పెట్టలేదు. లోపలే చీకట్లో నిలబడింది.

"రొట్టె రాదు. బండి ఆగింది."

"ఏం బండి?"

"రొట్టెల బండి. గిక్కడ సిగ్నల్‌కు దీపం లేదు."

బాలప్ప నా వైపు చూశాడు. నేను మజ్జిగ గిన్నె వైపు చూశాను.

"ముప్పై రెండేండ్లు చెప్పినవు గదయ్యా" అంది కొండమ్మక్క. "సావిత్రమ్మ సుత ఇంటది, మళ్ల ఒకసారి చెప్పు. సిగ్నల్‌ల దీపం ఆరిపోతే డ్రైవరు ఏమనుకోవాలె?"

బాలప్ప గొంతు సవరించుకున్నాడు. ఎంత చిక్కులో ఉన్నా ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పడం ఆయన వల్ల కాదు. "ఎర్ర దీపం ఉన్నట్టే అనుకోవాలె."

"అనుకొని?"

"బండి ఆపాలె."

"మరి ఆపిన. రొట్టెలు పెనం పక్కనే ఉన్నయి. దీపం వచ్చేదాంక కదలయి."

"ఇంటికీ రైలుకూ సామ్యమేందే?"

"రైల్ల పోయేటోళ్లు ఎవరో ఏమో, వాళ్ల కోసం వానల తడుసుకుంట స్తంభాలు ఎక్కినవు. నేను నీ ఇంట్లనే ఉన్న."

ఈ మాటకు నాకు నవ్వు ఆగిపోయింది. బాలప్పకూ ఏదో తగిలినట్టుంది కానీ మగవాడు కదా, వెంటనే ఒప్పుకుంటాడా? "నేనే తెచ్చుకుంట" అని లేచాడు. చీకటి వంటింట్లోకి దర్జాగా నడిచాడు. ముందు నీళ్ల బిందె తగిలిన చప్పుడు. తర్వాత కట్టెలు దొర్లిన చప్పుడు. ఆ తర్వాత "అబ్బా!"

బయటికి వచ్చినప్పుడు వేళ్లు నోట్లో ఉన్నాయి. రొట్టె లేదు.

"పెనం గాలిందా బావా?" అన్నాను, తెలియనట్టు.

గుడ్డ కట్టిన కొండమ్మక్క చేతిని బుగ్గ కిందకు లాగి చూశాడు. ఆ గుడ్డ నిన్నటి నుంచి అక్కడే ఉంది. ఆయన అప్పుడే చూశాడు. నేను నోరు మెదపలేదంటే మా గల్లీలో ఎవరూ నమ్మరు. రొట్టెలు నేనే మా కందీలు తెచ్చి బయటికి పట్టుకొచ్చాను.

మరునాడు తెల్లవారకముందే గోడ అవతల ఠకఠక. వెళ్లి చూద్దును కదా, బాలప్ప ఉలీ సుత్తీ పట్టుకుని రెండు గదుల నడుమ గోడకు కంత పెడుతున్నాడు. తల కంటే జానెడు ఎత్తులో, ఒక రాయి ఊడదీసినంత.

"ఇదేంది బావా, దొంగ తన ఇంటికే కన్నం వేసుకున్నట్టు?"

"నీకు ఎర్క లేదు. సిగ్నల్ దీపానికి వెనకదిక్కు చిన్న కన్ను ఉంటది. ముందరి వెలుగు డ్రైవరుకు. వెనక కన్ను స్టేషనోళ్లకు, దీపం మండుతుందా ఆరిందా అని ఎర్క కానీకి. ఒక్కటే వత్తి. రెండు దిక్కులా పని." ఆగి, దుమ్ము తుడుచుకుని అన్నాడు: "గా వెనక కన్ను సంగతి నేను ఇన్నొద్దులు ఎట్ల మర్చిపోయిననో!"

కంతలో బుగ్గ వేలాడేట్టు వైరు జరిపించాడు. నెయ్యి డబ్బా రేకును కోసి, బూడిదతో అద్దంలా తోమి, గిన్నెలా వంచి కంతలో బిగించాడు. వంచిన తీరు చూడాలి! వెలుగు నేరుగా పోయి పొయ్యి మీద పడింది. ముందరి అర్రకు మిగిలింది తక్కువే. పదిహేను కాండిల్ పోయి మళ్లీ నలభై వచ్చింది, అదీ ఎవరూ అడగకముందే. బటన్ ఎత్తే అధికారం ఆ రోజుతో వంటింటికి మారింది. పని అయిపోయాక కొండమ్మక్క గరిటెతో కంచాన్ని రెండుసార్లు కొడుతుంది. అప్పుడు ఆయన లేచి బంద్ చేస్తాడు. ఆమె తిన్నాకనే కొడుతుంది.

ఆ నెల చివర మీటరు చూసే ఏసుదాసు వచ్చాడు. నాకు తెలియని సంగతి ఒకటి నా ఎదుటే నిలబడి ఉంటే నేను వదలను కదా. ఆ అంకెలేమిటి, ఈ చక్రమేమిటి, బాలప్ప ఇంటికి ఎంత వస్తుంది అని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగాను.

"బాలప్పకు ఎంత కాలినా ఒక్కటే, అమ్మా" అన్నాడు ఏసుదాసు. "నెలకు ఇంత అని తక్కువల తక్కువ కట్టేది ఉంటది, కాల్చినా కాల్చకున్నా. ఆయన ఒక్క నెల సుత గంత దాంక రాలే. ఇంకో రెండు బుగ్గలు పెట్టుకున్నా పైస పెరగదు."

నేను కొంగు దోపుకుని ఒక్క ఉరుకు ఉరికాను. బాలప్ప బజారుకు పోయాడు. కొండమ్మక్క జొన్నలు చెరుగుతోంది. చెప్పేశాను. చేట ఆపి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"ఆయనకు మాత్రం చెప్పకు."

"ఎందుకే అక్కా? చెప్తే వంటింటికి వేరే బుగ్గ వస్తది గదా!"

"ఆ చక్రం నెమ్మదిగ తిరిగితే ఆయనకు మస్తు సంతోషం. గది కూడ లేకపోతే పొద్దుగాల లేచి ఏం చూస్తడు, పాపం? నాకైతే ఈ కంతనే బాగున్నది. ఆయన తింటుంటే ఆ మిగిలిన జర వెలుగుల తలుపుల నుంచి మొఖం కనబడతది. కూరల ఉప్పు ఎక్కువైతే నేను అడిగే పని లేదు."

ఇది జరిగి అయిదేళ్లు. నా కడుపులో ఇన్నాళ్లు నిలిచిన మాట ఇదొక్కటే. ఇప్పుడు రాసేశావు కదా, బాలప్ప చదివితే అంటారా? ఆ భయం నాకు లేదు. పగలు ఆయన మీటరు చూస్తాడు. సందె అయ్యాక బుగ్గ వెలుగంతా పొయ్యి మీదే పడుతుంది.