కటింగ్ మాస్టారి చెయ్యి

ఇరవై రెండేళ్ళు కత్తెర పట్టిన మనిషి చేతిలోంచి, నలభై మంది చూస్తుండగా, యజమాని కత్తెర లాక్కున్నాడు. బడిపిల్లల చొక్కాలు రెండు వందలు ఒక సైజు తగ్గిపోయాయి. తప్పు అట్ట నమూనా తెచ్చిచ్చింది యజమాని అల్లుడు. మాస్టారు అనుమానపడి అడిగితే, "ఇదే, మీరు కానివ్వండి" అన్నది కూడా అతనే. ఆ సంగతి యజమానికి తెలుసు. పక్క బల్ల మీద కాలర్లు కుట్టే ఆమెకీ తెలుసు. కాని అల్లుణ్ణి అంటే కూతురి కాపురానికి దెబ్బ. మాస్టార్ని అంటే ఎవరికేం దెబ్బ?

"కళ్ళు కనపడనివాడికి కత్తెరెందుకయ్యా?" అన్నాడు యజమాని. కాలర్లు కుట్టే ఆమె తల వంచుకుని దారం కొరికింది.

పని పోయింది. ఆ రోజు నుంచీ మాస్టారి కుడిచెయ్యి వణకడం మొదలైంది. అన్నం కలిపేటప్పుడు వణకదు, గడ్డం గీసుకునేటప్పుడు వణకదు. కత్తెర పట్టుకుంటే మాత్రం వణుకుతుంది. నెలన్నర ఇల్లు కదల్లేదు. పని వెతుక్కోవాలంటే ఏ దుకాణంలోనైనా ముందు ఒక చొక్కా కత్తిరించి చూపించాలి. అదే ఆయన భయం.

ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక వంటగది, కిటికీ దగ్గర కుట్టుమిషను. దాని మీద భార్య ఇరుగుపొరుగుల బట్టలు కుడుతుంది. ఒకరోజు పెట్టెలోంచి పాత దుప్పటి తీసి ఆయన ముందు పరిచింది.

"మా అమ్మకి జాకెట్టు కావాలి. కొలతలు మీకు తెలిసినవేగా."

"నా వల్ల కాదే."

"నీ వల్ల కాకపోతే నేను చలికి చావాలా, అల్లుడూ?" అంది మంచం మీదినుంచి అత్తగారు.

కత్తిరించాడు. భార్య కుట్టింది. అత్తగారు తొడుక్కుని గదంతా తిరిగింది. "పెళ్ళినాడు కూడా నాకింత బాగా కుదిరిన గుడ్డ లేదు!"

"కాకి పిల్ల కాకికి ముద్దు," అన్నాడాయన. అన్నాడే గాని, ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

తరవాత పాత చీర దిండు గలీబులయింది, కిటికీ తెర చొక్కా అయింది. ఏది కత్తిరించినా వాళ్ళిద్దరూ దిండుకో ఒంటికో తొడిగారు, అద్దంలో చూసుకున్నారు, పక్కింటివాళ్ళకి చూపించి వచ్చారు. మూడు వారాలకి మాస్టారు గడ్డం గీసుకుని, బూట్లు తుడుచుకుని, ఒక యూనిఫారాల దుకాణానికి బయల్దేరాడు. ఇద్దరూ గుమ్మం దాకా వచ్చారు.

"ఆ బల్ల దగ్గర నిలబడండి చాలు. చెయ్యి దానంతటదే నడుస్తుంది," అంది భార్య.

నిజంగానే భయం లేకుండా నిలబడ్డాడు. సుద్దతో గీశాడు, కత్తిరించాడు. అక్కడి పెద్దమనిషి చొక్కా రెండు చేతుల ముక్కలూ తీసి ఒకదాని మీద ఒకటి పెట్టాడు. బొటనవేలంత తేడా.

"మాస్టారూ, ఇవి రెండూ ఒకే మనిషికేనా?"

ఎగతాళిగా అనలేదు. అందుకే మరీ నొప్పిగా తగిలింది.

ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా అత్తగారి జాకెట్టు తీసి లోపలివైపు తిప్పాడు. ఒకవైపు కుట్టు మడత అరచేతి వెడల్పుంది. రెండోవైపు గుడ్డ అంచునే కుట్టు పట్టుకుని వేలాడుతోంది. ఆయన గీత తప్పిన చోటల్లా భార్య మడతలో దాచేసింది. అన్నీ అంతే, గలీబులూ, తెర చొక్కా కూడా.

"అత్తయ్యా, మీకూ తెలుసా?"

"ఎడంచెయ్యి పైకెత్తితే పట్టేస్తుంది నాయనా. ఎత్తడం మానేశాను."

భార్య గోడవైపు తిరిగి నిలబడింది. "మీరు లేచి నిలబడితే చాలనుకున్నాను. మోసం చెయ్యాలని కాదు."

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

ఆ పైన మరో ఐదు దుకాణాలు తిరిగాడు. ఐదుచోట్లా చెయ్యి తన బుద్ధి పోనిచ్చుకోలేదు. చివరికి ఒక పెద్ద కంపెనీలో ఇస్త్రీ పని దొరికింది. పెట్టె బరువుకి చెయ్యి వణకదు. కటింగ్ బల్లలు ఆ హాల్లో అవతలి చివర ఉంటాయి. ఆయన అటు చూడకుండా నిలబడే చోటు చూసుకున్నాడు.

రెండేళ్ళయ్యాక బస్సు స్టాపులో ఆ కాలర్లు కుట్టే ఆమె కనబడింది. పని మారిందట.

"మాస్టారూ, ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే..."

"నిన్నూ పంపేసేవాళ్ళమ్మా. ఇద్దరం ఇస్త్రీ చేసేవాళ్ళం."

ఆమె నవ్వలేదు. "మా కొత్త చోట కటింగ్‌కి మనిషి కావాలి. నేను చెబుతాను, ఒక్కసారి వచ్చి చూడండి. ఎప్పుడు రావాలో ఇంటికి కబురు పంపనా?"

బస్సు వచ్చి ఆగింది. ఆయన ఎక్కలేదు.

"వస్తానమ్మా, రేపే వస్తాను. ఇంటికి మాత్రం కబురు పంపకు. అప్పట్లో నేను పని దొరక్క వట్టిచేతులతో వచ్చినప్పుడల్లా, నాకంటే ముందు ఇంట్లో వాళ్ళిద్దరూ అన్నం మానేసేవాళ్ళు."