మినరల్ వాటర్‌లో వాలుగ

నిన్న నా పరువెట్లా పోయిందో వినండి. అదీ నేనే రాసిన రూలు మరిచిపోయి!

మాది ఏర్లల్లో ఏ చేపలున్నాయో చూసే ఉద్యోగం కదా. ఇప్పుడు వల అక్కర్లేదు. సీసాడు నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపితే, చేపలు వదిలిన ఆనవాళ్లను బట్టి పేర్లు చెప్పేస్తారు. ఈ పద్ధతిని అందరికీ గైడ్‌గా రాసింది నేనే. మొదటి రూలు: చేప తాకిన చేత్తో సీసా ముట్టొద్దు. బోల్డ్‌లో పెట్టా!

నాకు వాలుగ చేపంటే బెంగ. చిన్నప్పుడు మా నాయన కుందూ ఏట్లో పట్టి నిలబెడితే నా భుజం దాకా వచ్చేది. నాయన పోయాడు, ఏట్లో వాలుగ కూడా పోయింది. ఒక్కసారి మళ్లీ చూస్తే చాలని ఎన్నేళ్లుగానో ఆశ.

పోయిన నెల మైదుకూరు వైపు కుందూకి పోయా. అక్కడ చేపలు పట్టే హుసేనప్ప పెద్దాయన వదిలితేనా! "ఏమప్పా, ఎండన పడి వచ్చినావు, సంగటి తిని పో" అన్నాడు. సంగటి, చేపల పులుసు! రెండుసార్లు వేయించుకుని తిన్నా. ఆ ఊరికి ట్యాంకర్ రాక రెండ్రోజులంట. వాళ్ల బిందెలో నీళ్లు వాడటానికి మనసొప్పక, అర గ్లాసుతో చెయ్యి కడిగాననిపించా. ఆ చేత్తోనే గ్లౌజులు తొడుక్కుని ఎండిన ఏట్లో మిగిలిన మడుగులో ఒక సీసా పట్టా. పనిలో తప్పుంటే బయటపడాలని ఇంకో సీసాలో ఉత్త మినరల్ వాటర్ పోశా. అందులో చేప కనబడితే తప్పు నాదే. అదీ నా రూలే.

మొన్న ల్యాబ్ అమ్మాయి ఫోన్. "సార్, ఏటి నీళ్లలో వాలుగ ఉంది!"

నాకు ఏడుపొచ్చేసింది. వెంటనే హుసేనప్పకి చెప్పా.

"నిజమాప్పా? మన వాలుగ వచ్చిందా?" అంటూ ఆయన అటక మీది పెద్ద వల దించాడంట.

నిన్న ఆ అమ్మాయే మళ్లీ. "సార్, మీ మినరల్ వాటర్‌లోనూ వాలుగ ఉంది. చింతపండు కూడా ఉందేమో చూడమంటారా?"

హుసేనప్పకి ఫోన్ చేసి, "ఆ పొద్దు పులుసు ఏ చేపది పెద్దాయనా?" అన్నా.

"వాలుగప్పా! మా అల్లుడు శ్రీశైలం డ్యాం కాడ నుంచి తెచ్చినాడు. యాల అడిగినావు?"

సంగతి చెప్పా.

"వల కుట్టేసినానే" అన్నాడు మెల్లగా. "ఉండనీలే. నీళ్లొస్తే అదీ వస్తాది."

ఆయన ఆశ సరే, నా సంగతి చూడండి. ఇన్నేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన వాలుగ కంచంలోకొస్తే, గుర్తే పట్టకుండా, "ఇంకో ముక్క వెయ్యి పెద్దాయనా" అన్నాను!